ఎవరూ చనిపోకముందు చేసిన సమ్మె: నా అనుభవం

2025 జనవరి 9 తెల్లవారుజామున 4 గంటల వేళ, సి-షిఫ్టు (రాత్రి షిఫ్టు) ముగియవస్తుండగా, మందుల ముడిసరుకు తయారుచేసే మా కర్మాగారపు వ్యర్థజలాల ట్యాంకులో పేరుకున్న బురద తీయడానికి దిగిన ఒక కాంట్రాక్టు కార్మికుడు రెండు నిమిషాలైనా గడవకముందే కుప్పకూలాడు. అతనిని పైకి తేవాలని 22 ఏళ్ల మరో కుర్రవాడు ముక్కుకు గుడ్డ కట్టుకుని దిగి, అతని పక్కనే పడిపోయాడు. నేను పక్క బ్లాకులో రియాక్టర్ ఆపరేటరును. కేకలు విని పరుగెత్తేసరికి మ్యాన్‌హోల్ దగ్గర కుళ్లిన కోడిగుడ్ల వాసన గుప్పుమంది, మరుక్షణమే ఆ వాసన తెలియకుండా పోయింది. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారుతుందని, వాసన పోయినంత మాత్రాన వాయువు పోయినట్టు కాదని ఎప్పుడో శిక్షణలో విన్న మాట గుర్తుకు రావడం వల్లనే నేను లోపలికి వంగలేదు. గాలి సిలిండరు ఉండే శ్వాస పరికరం స్టోరులో ఉంది, స్టోరుకు తాళం ఉంది, తాళం చెవి పగటి షిఫ్టు అధికారి దగ్గర ఉంది. ప్లాంటు ఎయిర్ గొట్టాన్ని ట్యాంకులోకి వదిలి, కొక్కెం కట్టిన తాడుతో ఇద్దరినీ పైకి లాగేసరికి ఎనిమిది, తొమ్మిది నిమిషాలు పట్టింది. మొదటివాడు నాలుగు రోజులకు ఆసుపత్రి నుంచి వచ్చాడు. చిన్నవాడు ఆరు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు.

ఇద్దరూ బతికారు. ఆ తర్వాత మూడు నెలల పాటు ఏ కార్యాలయం మెట్లెక్కినా మాకు ఎదురైన మొదటి ప్రశ్న ‘ఎవరైనా చనిపోయారా’ అన్నదే. ఎవరూ చనిపోలేదని చెప్పగానే కలం కింద పెట్టేసిన అధికారులను నేను చూశాను. మా సమ్మె 18 రోజులు సాగింది, దాని చుట్టూ ఉన్న వ్యవహారం దాదాపు ఏడాది పట్టింది. ఇలాంటి దారిలో నడవబోయేవారికి ఉపయోగపడాలని, జరిగినది జరిగిన వరుసలో రాస్తున్నాను.

ప్రమాదం జరిగిన మూడో రోజు హాజరు పట్టీ చూసి నేను నిర్ఘాంతపోయాను. వెంటిలేటర్ మీద ఉన్న కుర్రవాడు 9, 10, 11 తేదీలలో పనికి వచ్చినట్టు అందులో ఉంది. కార్మికుడు 48 గంటలు పనికి రాలేకపోతే ఆ ప్రమాదాన్ని ఫ్యాక్టరీస్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలని కర్మాగారాల చట్టంలోని 88వ సెక్షన్ అప్పట్లో చెప్పేది. హాజరు వేస్తే ఆ లెక్క మొదలే కాదు. మాలో ఒకరు ఆ పట్టీని ఫోనులో ఫొటో తీశారు. ఆ రోజు మామూలుగా తీసిన ఆ ఫొటో చివరకు మా ఉపన్యాసాలన్నిటికంటే ఎక్కువ పని చేసింది.

భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఈ చట్టాన్ని సవరించినప్పుడు చేర్చిన 41హెచ్ సెక్షన్ గురించి మా సంఘంలోని ఒక పెద్దాయన చెప్పారు. తక్షణ ప్రమాదం ఉందని కార్మికుడు భావిస్తే యాజమాన్యానికి, అదే సమయంలో ఇన్‌స్పెక్టరుకు తెలియజేసే హక్కు అందులో ఉండేది. జనవరి 10న ఆ సెక్షన్ పేరు పెట్టి 23 మందిమి సంతకాలు చేసి మేనేజరుకు ఉత్తరం ఇచ్చాము, ప్రతిని రిజిస్టర్డ్ పోస్టులో ఇన్‌స్పెక్టరుకు పంపాము. మధ్యలో సంక్రాంతి సెలవులు వచ్చాయి, రసీదు కార్డు 18న తిరిగి వచ్చింది. అప్పటికే ఆ ట్యాంకులోకి మరో ఇద్దరిని దింపారు. ఆ సెక్షన్ చెప్పుకునే హక్కు ఇచ్చింది గాని, పని ఆపే హక్కు గురించి ఒక్క ముక్క కూడా అందులో లేదన్న సంగతి నాకు అప్పుడే సరిగా అర్థమైంది.

ఇన్‌స్పెక్టరు జనవరి 27న వచ్చారు. ఆయన వస్తారని మాకంటే ముందు యాజమాన్యానికి తెలిసినట్టుంది. ట్యాంకు మూతకు కొత్త రంగు పడింది, రెండు శ్వాస పరికరాలు ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా గోడకు వేలాడాయి. ఆయన భద్రతా కమిటీ రిజిస్టరు అడిగారు. తెరిచి చూస్తే కార్మికుల తరఫు సభ్యులలో నా పేరు ఉంది, ఏడు సమావేశాలకు నా సంతకం ఉంది. నేను సభ్యుడినన్న సంగతి ఆ నిమిషం దాకా నాకే తెలియదు. నా పేరును వేరొకరు ఎంతో శ్రద్ధగా, ఒత్తులతో సహా రాసి ఉండడం చూస్తే ఒళ్లు జలదరించింది. ఆ సంతకాలు నావి కావని వాంగ్మూలం ఇచ్చాను. ఆయన రాసుకున్నారు, షోకాజ్ నోటీసు ఇస్తామని చెప్పి వెళ్లారు. ఇన్‌స్పెక్టరు తప్ప మరొకరు ఈ చట్టం కింద కోర్టులో నేరుగా ఫిర్యాదు చేయడానికి వీలులేదని, అందువల్ల ఇక ఎదురుచూడటమే మా పని అని మా న్యాయవాది చెప్పారు.

సమ్మె చేయాలని ఫిబ్రవరి 2 రాత్రి నిర్ణయించుకున్నాము. ఆ సమావేశంలో వాదన నాలుగు గంటలు సాగింది. మాలో సగం మందికి ఇంటి అప్పులు, పిల్లల ఫీజులు ఉన్నాయి. ఇంక్రిమెంట్ కూడా డిమాండ్లలో కలిపితే ఎక్కువమంది వస్తారని కొందరు గట్టిగా పట్టుబట్టారు. జీతం కలిపితే భద్రత సంగతి మొదటి చర్చలోనే పక్కకు పోతుందని నేను అన్నాను, చివరకు ఆ మాటే నిలిచింది. అది మంచి నిర్ణయమేనని ఇప్పటికీ నమ్ముతున్నాను, కాని దానివల్ల వచ్చిన చిక్కు కూడా చెప్తాను.

మా స్టాండింగ్ ఆర్డర్ల (కర్మాగారపు సర్వీసు నిబంధనల) ప్రకారం సమ్మెకు 14 రోజుల నోటీసు ఇవ్వాలి. ఫిబ్రవరి 3న తీసుకువెళ్తే హెచ్‌ఆర్ విభాగం తీసుకోవడానికి నిరాకరించింది. అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో, ఈమెయిల్‌లో పంపి, నోటీసు బోర్డు మీద అంటించి ఫొటో తీశాము. కార్మిక శాఖకు, కర్మాగారాల శాఖకు, కలెక్టరుకు, తహసీల్దారుకు, పోలీసు స్టేషనుకు ప్రతులు పంపాము. ప్రతి రసీదును ఒక ఫైలులో పెట్టాము. పది మంది అంతకంటే ఎక్కువమంది కలిసి నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా పనికి రాకపోతే, రాని రోజుల జీతంతో పాటు అదనంగా 8 రోజుల జీతం కోయడానికి వేతనాల చెల్లింపు చట్టం అప్పట్లో వీలు కల్పించేది. తర్వాత యాజమాన్యం ఆ కోత వేస్తామని నోటీసు పెట్టినప్పుడు మమ్మల్ని కాపాడినవి ఆ పోస్టల్ రసీదులే.

రాజీ చర్చలకు మొదటి పిలుపు ఫిబ్రవరి 12న వచ్చింది. కార్మిక శాఖ తరఫున చర్చలు నడిపే రాజీ అధికారి ఓపిక ఉన్న మనిషి. మా డిమాండ్ల పత్రం రెండుసార్లు తిరగేసి, “ఇందులో వేతనం గురించి ఏమీ లేదేమిటండీ?” అని అడిగారు. లేదన్నాము. ఆయన కాసేపు మౌనంగా ఉండి, వేతనాలు, బోనస్, తొలగింపులు తన పరిధిలోకి వస్తాయి గాని ట్యాంకులు, వాయువులు, ప్రమాదకరమైన పనికి రాసి ఇచ్చే పర్మిట్లు కర్మాగారాల శాఖ చూసే విషయాలని చెప్పారు. అదే వారం కర్మాగారాల శాఖకు వెళ్తే, తనిఖీ తమ పని గాని సమ్మె తమకు సంబంధించినది కాదన్నారు. మా సమ్మెకు కారణం ఒక శాఖలో, సమ్మె మరొక శాఖలో ఉన్నాయి. ఈ రెండు శాఖల అధికారులను ఒకే గదిలో కూర్చోబెట్టడానికి మాకు మొత్తం మూడు వారాలు పట్టింది. రెండు చర్చలకూ కర్మాగారాల శాఖ నుంచి ఎవరూ రాలేదు.

ఒక చిన్న సంగతి ఉపయోగపడవచ్చు. యాజమాన్యం తరఫున న్యాయవాది వచ్చారు. రాజీ చర్చలలో న్యాయవాది ఒక పక్షానికి ప్రాతినిధ్యం వహించే హక్కు పారిశ్రామిక వివాదాల చట్టంలో లేదని మేము చెప్పగానే, అధికారి ఆయనను బయట కూర్చోమన్నారు. దాంతో జవాబు చెప్పవలసిన భారం ప్లాంటు తెలిసిన మనుషుల మీద పడింది. శ్వాస పరికరం తాళం వెనుక ఎందుకు ఉందన్న ప్రశ్నకు వారి దగ్గర సమాధానం లేదు. ఫిబ్రవరి 17న జరిగిన రెండో చర్చలో, రాజీ నడుస్తుండగా సమ్మెకు దిగడం చట్టవిరుద్ధమని యాజమాన్యం వారు వాదించారు. ప్రజోపయోగ సేవలుగా ప్రకటించిన పరిశ్రమలకే ఆ నిబంధన వర్తిస్తుందని, మా పరిశ్రమకు అలాంటి ప్రకటన లేదని అధికారి చర్చల రికార్డు (మినిట్స్)‌లో రాశారు. ఆ రెండు వాక్యాల నకలు అప్పటికప్పుడే అడిగి తీసుకున్నాము.

మందుల ముడిసరుకు తయారయ్యే చోట సమ్మె అంటే పని వదిలి గేటు దాటడం కాదు. రియాక్టర్లలో నడుస్తున్న బ్యాచ్‌ను సగంలో వదిలేస్తే, చల్లదనం ఆగినా, కలిపే మోటారు ఆగినా, నైట్రోజన్ తగ్గినా ఏం జరుగుతుందో ఆపరేటర్లకు తెలుసు. భద్రత కోసం చేసే సమ్మె వల్లనే ప్రమాదం జరిగితే మాకు ముఖం ఎత్తుకునే హక్కు ఉండదని మొదటి నుంచీ అనుకున్నాము. అందుకని ఫిబ్రవరి 15 నుంచే కొత్త బ్యాచ్‌లు ఎక్కించడం లేదని రాతపూర్వకంగా చెప్పాము. చిల్లింగ్ ప్లాంటు, నైట్రోజన్, వ్యర్థజలాల శుద్ధి, అగ్నిమాపక పంపులు చూసుకోవడానికి మూడు షిఫ్టులకు కలిపి 16 మంది పేర్లు ఇచ్చాము. వారు సమ్మె కాలమంతా పని చేస్తారు, జీతం తీసుకుంటారు, అందులో సగం సమ్మె నిధికి ఇస్తారు. యాజమాన్యం ఆ జాబితా మీద సంతకం పెట్టలేదు. సమ్మె మొదలైన 18వ తేదీ ఉదయం 6 గంటలకు మా మొదటి ఐదుగురు గేటు దగ్గరికి వెళ్తే, సమ్మెలో ఉన్నవారిని లోపలికి పంపవద్దని ఆదేశం ఉందంటూ సెక్యూరిటీ వారిని 40 నిమిషాలు ఆపింది. లోపల ఒక రియాక్టరులో స్వేదనం చివరి దశలో ఉంది, సి-షిఫ్టు ఆపరేటర్లు ఇద్దరే దాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. మొత్తం 18 రోజులలోను నాకు నిజంగా భయం వేసింది ఆ 40 నిమిషాలలోనే.

మేము శాశ్వత కార్మికులం 214 మందిమి, అందరమూ బయటికి వచ్చాము. కాంట్రాక్టు కార్మికులు దాదాపు 380 మంది, వారిలో 61 మందే మాతో కూర్చున్నారు. మిగిలిన వారిని నేను తప్పుపట్టలేను. గేటు పాస్ రద్దయితే వారికి ఏ నోటీసూ ఉండదు, ఏ విచారణా ఉండదు. ట్యాంకులోకి దిగేది మాత్రం వాళ్లే.

ప్రభుత్వం నుంచి మా దగ్గరికి అందరికంటే ముందు వచ్చింది పోలీసు శాఖ. సభలు, ఊరేగింపులను నియంత్రించే పోలీసు చట్టంలోని 30వ సెక్షన్ అమలులో ఉందని, అనుమతి లేకుండా టెంటు వేయరాదని తొలి రోజే చెప్పారు. టెంటును గేటుకు 200 మీటర్ల దూరానికి మార్చుకున్నాము. ఫిబ్రవరి 22న నలుగురికి సస్పెన్షన్ ఉత్తరాలు వచ్చాయి. రాజీ నడుస్తుండగా ఈ వివాదానికి సంబంధించిన కారణంతో తొలగించాలంటే అధికారి అనుమతి కావాలి గాని, విచారణ పేరుతో సస్పెండ్ చేయడానికి ఆ అడ్డు లేదని అప్పుడు తెలిసింది. 24న మమ్మల్ని ఐదుగురిని తహసీల్దారు ఎదుట బైండోవర్ చేశారు. ఆరు నెలల పాటు శాంతికి భంగం కలిగించబోమని ఒక్కొక్కరం 50 వేల రూపాయలకు పూచీకత్తు రాయాలి, ఇద్దరు జామీను ఉండాలి, వారు ఇంటి పన్ను రసీదు తేవాలి. నాకోసం పని మానుకుని వచ్చిన మా బావమరిది బయట మెట్ల మీద, “బావా, ఎవరికీ ప్రాణాపాయం కాలేదు కదా, ఇప్పుడు నీకెందుకు ఈ కేసు?” అన్నాడు. లోపల తహసీల్దారు గారూ ఇంచుమించు అదే మాట మర్యాదగా అన్నారు. నేను ఏదో చెప్పబోయి గొంతు పూడుకుపోయి ఆగిపోయాను.

చెప్పాలనుకున్నది ఇది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఒక మందుల కర్మాగారంలో పేలుడుకు 17 మంది బలైనప్పుడు మర్నాడే ముఖ్యమంత్రి వచ్చారు, మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున పరిహారం ప్రకటించారు. అది ఇవ్వవలసినదే. అయితే అంత వేగంగా కదలగల యంత్రాంగం, మనుషులు ఇంకా బతికి ఉండగా మేము పెట్టిన అర్జీని ఒక శాఖ నుంచి మరొక శాఖకు నెడుతూ, చివరకు శాంతిభద్రతల సమస్యగా నమోదు చేసుకుంది.

శివరాత్రి నాటికి, అంటే తొమ్మిదో రోజుకు, టెంటులో జనం పలచబడ్డారు. జీతం రాని నెల ముందు కనబడుతోంది. సమ్మె చట్టబద్ధమూ న్యాయసమ్మతమూ రెండూ అయితేనే ఆ రోజులకు వేతనం కోరవచ్చని 1994లో సుప్రీంకోర్టు చెప్పిందని, ఆ సంగతి తేలడానికి ఏళ్లు పడుతుందని మా న్యాయవాది మొదటే హెచ్చరించారు. నా నెల జీతం 27 వేల రూపాయలు, 18 రోజులకు 16,200 రూపాయలు పోయాయి. నకళ్లు, పోస్టు, ప్రయాణాలకు నా చేతి నుంచి 3,740 రూపాయలు అయ్యాయి. చీటీ వాయిదా కట్టడానికి మా ఆవిడ తన గాజులు రెండు కుదువపెట్టింది. ఆ విషయం నాకు పది రోజుల తర్వాత చెప్పింది.

మార్చి 3 సోమవారం. కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరిగే రోజు. అంతకుముందు మా అర్జీలు ఐదేసి పేజీలు ఉండేవి. ఈసారి ఒకే పేజీ రాసి, రెండు కాగితాలు జతచేశాము: హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల స్పృహ కోల్పోయినట్టు, జనవరి 9న చేర్చినట్టు ఉన్న కుర్రవాడి ఆసుపత్రి డిశ్చార్జి పత్రం, అదే తేదీలకు అతను డ్యూటీలో ఉన్నట్టు చూపే హాజరు పట్టీ ఫొటో. కుర్రవాడి తల్లి మాతో వచ్చింది. కలెక్టరు రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూసిన తీరు నాకు ఇంకా గుర్తుంది. “ఈ రెండింటిలో ఒకటే నిజం కావాలి” అని, రెండు శాఖలూ కలిసి 48 గంటలలో తనిఖీ చేయాలని అక్కడికక్కడే రాశారు.

మార్చి 5న ఉమ్మడి తనిఖీ జరిగింది. ఈసారి ముందస్తు కబురు లేదు. గోడకు వేలాడుతున్న శ్వాస పరికరాలలో ఒకదాని సిలిండరు ఖాళీగా ఉంది. మనుషులు దిగే ముందు లోపలి గాలిని పరీక్షించి సమర్థుడైన వ్యక్తి రాతపూర్వకంగా ధ్రువీకరించాలని, లేదా దిగేవాడు శ్వాస పరికరంతో పాటు నడుముకు బెల్టు, తాడు కట్టుకోవాలని, తాడు రెండో కొస బయట ఉన్న మనిషి చేతిలో ఉండాలని కర్మాగారాల చట్టంలోని 36వ సెక్షన్ చెప్పేది. మూడేళ్ల పర్మిట్ పుస్తకాలలో అలాంటి ధ్రువీకరణ ఒక్కటి కూడా దొరకలేదు. ఆ సాయంత్రమే 40వ సెక్షన్ కింద, లోపాలు సరిచేసేదాకా ఆ ట్యాంకును, దానికి కలిసిన విభాగాన్ని వాడరాదని నిషేధపు ఉత్తర్వు వచ్చింది. జనవరి 10న మేము కోరినది అదే. ఆ కాగితం చేతికి వచ్చినప్పుడు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది, తర్వాత టెంటు వెనక్కి వెళ్లి కాసేపు ఏడ్చాను.

మార్చి 7 రాత్రి 9 గంటలకు రాజీ అధికారి ఎదుట, పారిశ్రామిక వివాదాల చట్టంలోని 12(3) సెక్షన్ కింద ఒప్పందం కుదిరింది. రాజీ ప్రక్రియలో జరిగిన ఒప్పందం సంఘంలో లేనివారికి, రేపు చేరబోయేవారికి కూడా వర్తిస్తుంది కనుక బయట చేసుకుందామన్న యాజమాన్యం ప్రతిపాదనకు మేము ఒప్పుకోలేదు. వాయువును గుర్తించే పరికరాలు, తాళం లేని పెట్టెలో ఆరు శ్వాస పరికరాలు, ఓటుతో ఎన్నికైన భద్రతా కమిటీ, అందులో ఒక కాంట్రాక్టు కార్మికుడు, ఇవి వచ్చాయి. సమ్మె రోజుల జీతం రాలేదు, 8 రోజుల అదనపు కోత పడలేదు. సస్పెన్షన్లు ఎత్తివేశారు, ఇద్దరికి హెచ్చరిక ఉత్తరాలు మిగిలాయి. పని ఆపే హక్కును ఒప్పందంలో రాయించాలని చివరి గంట దాకా పట్టుబట్టి ఓడిపోయాము. అది నాకు ఇప్పటికీ ముల్లులాగే ఉంది.

ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) సంగతి విడిగా చెప్పాలి. ప్రమాదపు నివేదిక పంపకపోవడం వల్ల కుర్రవాడి గైర్హాజరును మామూలు అనారోగ్యంగా లెక్కగట్టి వేతనంలో 70 శాతం ఇచ్చారు. పనిలో జరిగిన గాయమైతే 90 శాతం రావాలి. ఒప్పందం తర్వాత యాజమాన్యం నివేదిక పంపింది, తేడా మొత్తం జూన్‌లో అతని ఖాతాలో పడింది. మీ సహోద్యోగికి ఏదైనా జరిగితే మొదటి వారంలోనే ఆ నివేదిక వెళ్లిందో లేదో అడగండి.

2025 జూన్ 30న తెలంగాణలోని పాశమైలారంలో ఒక కర్మాగారంలో జరిగిన పేలుడులో 50 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారన్న వార్తలు చూస్తుండగానే, ఆ వారంలో మా కర్మాగారానికి ఎవరూ అడగకుండానే తనిఖీ బృందం వచ్చింది.

మా వ్యవహారమంతా పాత చట్టాల కింద నడిచింది. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది. ఇప్పుడు ఏ పరిశ్రమలోనైనా 14 రోజుల నోటీసు తప్పనిసరి, రాజీ నడుస్తుండగా సమ్మె కుదరదు, సగం మంది ఒకేసారి క్యాజువల్ సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. చట్టవిరుద్ధ సమ్మెకు పాత చట్టంలో 50 రూపాయల దాకా ఉన్న జరిమానా ఇప్పుడు వెయ్యి నుంచి 10 వేల రూపాయల దాకా ఉంది, నెల రోజుల జైలు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఈ నిబంధనల కింద ఫిబ్రవరి 18న మేము బయటికి రాగలిగేవాళ్లం కాదు.

ఇన్‌స్పెక్టరు ఏప్రిల్‌లో వేసిన కేసు ఐదు వాయిదాల తర్వాత డిసెంబరు మొదటి వారంలో ముగిసింది. కేసులో బాధ్యులుగా చూపిన ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు, ఇద్దరికీ కలిపి 60 వేల రూపాయల జరిమానా పడింది, అరగంటలో కట్టి వెళ్లిపోయారు. నేను కోర్టు హాలులో వెనుక గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. కుర్రవాడు ఆగస్టులోనే పనిలోకి తిరిగి వచ్చాడు, గోదాములో వేశారు. మెట్లెక్కితే ఆయాసపడతాడు. భద్రతా కమిటీ ఎన్నికలలో కాంట్రాక్టు కార్మికుల తరఫున అతనే నిలబడి గెలిచాడు. నెలనెలా సమావేశం అయ్యాక రిజిస్టరులో ఎవరి సంతకం వారు నా కళ్లెదుటే పెట్టేదాకా నేను కుర్చీలోంచి లేవడం లేదు.